సామాను దగ్గర ఉన్నవాళ్ళ భాగం: మిషన్ ట్రిప్ వెనక మన సెల్ గ్రూప్

(సెల్ గ్రూప్ అంటే చర్చిలో కొద్దిమంది కలిసి వాక్యం చదివి ప్రార్థన చేసుకునే చిన్న గుంపు. ఇది ఆ గ్రూపుల లీడర్ల కూడికలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ ప్రభువు పేరట వందనాలండి. వెనకాల నిలబడ్డ బ్రదర్స్ ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మొదట ఒక ప్రశ్న, చేతులెత్తండి. మీ గ్రూపులోంచి ఎవరైనా షార్ట్ టర్మ్ మిషన్ ట్రిప్‌కి, అంటే సువార్త పనికీ సేవకీ వేరే చోటికి ఒక వారమో రెండు వారాలో, మహా అయితే రెండు మూడు నెలలో, వెళ్ళొచ్చారా? ఆ, చాలామందే. సరే దించండి. ఇప్పుడు రెండో ప్రశ్న. వాళ్ళు తిరిగొచ్చాక ఒక గంట, ఒక్క గంట, గ్రూపంతా వాళ్ళ ముందు కూర్చుని వాళ్ళు చెప్పింది మొత్తం విన్న గ్రూపులెన్ని? చూశారా, ఇందాక లేచిన చేతుల్లో సగం కూడా లేవలేదు. ఎవర్నీ తప్పు పట్టాలని అడగలేదండి. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఈ రెండు ప్రశ్నల మధ్యలోనే ఉంది, అందుకని అడిగాను.

నా మొదటి ట్రిప్ సంగతి చెప్తాను. రెండు వారాలు. వెళ్ళేముందు నన్ను చర్చిలో ముందు నిలబెట్టి ప్రార్థన చేశారు, కానుకలిచ్చారు, ఎయిర్‌పోర్ట్ దాకా వచ్చి సాగనంపారు, అన్నీ బాగా చేశారు. అక్కడ ఒక రాత్రి ఒక తల్లి జబ్బు పడ్డ బిడ్డని ఎత్తుకుని మా దగ్గరికొచ్చింది, ప్రార్థన చెయ్యమంది, చేశాం, కన్నీళ్ళతో చేశాం. అక్కడి సంఘంవాళ్ళు హాస్పిటల్‌కి కూడా తీసుకెళ్ళారు. రెండు రోజులకి ఆ బిడ్డ చనిపోయింది. సమాధి దగ్గర మేం కూడా నిలబడ్డాం. తిరిగొచ్చాక ఆదివారం అందరూ ఆప్యాయంగానే అడిగారు, ట్రిప్ ఎలా జరిగింది బ్రదర్, దేవుడు గొప్ప కార్యాలు చేశాడా అని. చేశాడండి అన్నాను. అబద్ధం కాదు, చేశాడు. కానీ ఆ బిడ్డ సంగతి చెప్పడానికి చోటేదీ? ఐదు నిమిషాల సాక్ష్యంలో చెప్పే సంగతి కాదు కదా అది. దాదాపు ఏడాది లోపలే పెట్టుకుని తిరిగాను, రోగుల కోసం ప్రార్థన చెయ్యమని ఎవరైనా అడిగితే నోరు పెగిలేది కాదు. తర్వాత ఒకరోజు మా సెల్ గ్రూపులో ఒక పెద్దావిడ, ఆమె ఏ ట్రిప్‌కీ వెళ్ళిన మనిషి కాదు, నా పక్కన కూర్చుని, అక్కడ నీ మనసు కష్టపెట్టింది ఏంటి నాయనా అని అడిగింది. అంతే. అంత చిన్న ప్రశ్న. ఆ సాయంత్రం నేను ఏడ్చాను, గ్రూపంతా నాతో ఏడ్చింది, ఆ రాత్రితో నా ట్రిప్ నిజంగా ముగిసింది. ఏడాది తర్వాత ముగిసింది.

అందుకే అంటున్నాను, ట్రిప్ అనేది విమానం ఎక్కినప్పుడు మొదలై దిగినప్పుడు అయిపోయేది కాదు. అది మన గ్రూపులో మొదలవ్వాలి, మన గ్రూపులోనే ముగియాలి. మధ్యలో ఆ రెండు వారాలు మాత్రమే వేరే చోట జరుగుతాయి.

బైబిల్ తెరవండి, మొదటి సమూయేలు 30. కథ మీకు తెలుసు. దావీదు తన మనుషులతో సిక్లగుకి వచ్చేసరికి ఊరు కాలిపోయి ఉంది, అమాలేకీయులు ఆడవాళ్ళనీ పిల్లల్నీ పట్టుకుపోయారు. 600 మంది బయల్దేరారు. బెసోరు వాగు దగ్గరికి వచ్చేసరికి 200 మంది అలిసిపోయారు, దాటలేకపోయారు, అక్కడే ఆగిపోయారు. 400 మంది వెళ్ళి యుద్ధం చేసి అందర్నీ విడిపించి సొమ్ముతో తిరిగొచ్చారు. అప్పుడు కొంతమంది ఏమన్నారు? వీళ్ళు మనతో రాలేదు కాబట్టి వీళ్ళకి భాగం లేదు, పెళ్ళాం పిల్లల్ని తీసుకుని పొమ్మనండి అన్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి వెళ్ళినవాడి భాగమెంతో సామాను దగ్గర ఉన్నవాడి భాగమూ అంతే అన్నాడు, అది ఆ రోజు నుంచి ఇశ్రాయేలులో కట్టడ అయిపోయింది. ఇందులో రెండు సంగతులున్నాయండి. ఒకటి, ఉండిపోయినవాళ్ళకి సమాన భాగం ఉంది, ఇది మనందరికీ ఇష్టమైన సంగతి. రెండోది మనం తొందరగా దాటేస్తాం. వాళ్ళు ఊరికే ఉండలేదు, సామాను దగ్గర ఉన్నారు. 400 మంది బరువు దించుకుని తేలిగ్గా పరిగెత్తగలిగారంటే ఆ బరువు ఇక్కడ ఎవరో కాస్తున్నారు. మరి మన గ్రూపు ఏ సామాను కాస్తోంది? వెళ్ళేవాళ్ళ భుజం మీద నుంచి మనం ఏ మూట దించాం?

అసలు మొదలు దగ్గరకి వద్దాం. ఎవరు వెళ్ళాలి అనేది. అపొస్తలుల కార్యములు 13లో అంతియొకయ సంఘం చూడండి, అక్కడ ఐదుగురి పేర్లున్నాయి, బర్నబా, నీగెరు అనే సుమెయోను, కురేనీయుడైన లూకియ, మనయేను, సౌలు, అంటే పౌలే. వాళ్ళు ఆరాధిస్తూ ఉపవాసం ఉన్నప్పుడు పరిశుద్ధాత్మ బర్నబా, సౌలు ఇద్దర్ని వేరుచేయమన్నాడు. మిగతావాళ్ళు మళ్ళీ ఉపవాసం ఉండి ప్రార్థన చేసి చేతులుంచి పంపారు. గమనించారా, పిలుపు ఆ ఇద్దరికి ఒంటరిగా గదిలో ఉన్నప్పుడు రాలేదు, కలిసి ఉన్నప్పుడు వచ్చింది, అందరూ విన్నారు. మన దగ్గర ఏం జరుగుతోందంటే ఒక తమ్ముడు ఫారం నింపేసి టికెట్ బుక్ చేసేసి ఆ తర్వాత గ్రూపుకి వచ్చి ప్రార్థన చెయ్యండి అంటాడు. చేస్తాం, తప్పకుండా చేస్తాం, కానీ ముందే వచ్చుంటే కొన్ని ప్రశ్నలు ప్రేమగా అడిగేవాళ్ళం కదా. ఇక్కడ నువ్వు ఎవరికైనా సువార్త చెప్తున్నావా తమ్ముడూ? టీంలో ఎవరితోనైనా పడకపోతే ఎలా ఉంటావు? అప్పులేమైనా ఉన్నాయా? ఇంట్లోవాళ్ళు ఏమంటున్నారు? ఇవి అడ్డం పెట్టడానికి అడిగే ప్రశ్నలు కావండి. నిన్ను రోజూ చూసేవాళ్ళే ఇవి అడగగలరు, అప్లికేషన్ ఫారం అడగలేదు.

ఇంకో ప్రశ్న అన్నిటికంటే ముందు అడగాలి. అక్కడి సంఘం మనల్ని రమ్మందా? ఎందుకు రమ్మంది? మనకి చెయ్యాలనిపించింది చెయ్యడానికి వెళ్తున్నామా, వాళ్ళకి అవసరమైంది చెయ్యడానికి వెళ్తున్నామా? పదిమంది వెళ్ళి పది రోజులుంటే అక్కడి పాస్టరుగారి కుటుంబం ఆ పది రోజులూ తమ పని మానుకుని మన వెనక తిరుగుతుంది, వండిపెడుతుంది, భాష చెప్తుంది, ఇది నేను కళ్ళారా చూశాను. మనం గోడకి రంగు వేస్తాం, ఆ రంగు వాళ్ళూ వెయ్యగలరు, బాగా వెయ్యగలరు. కాబట్టి గ్రూపు నుంచి ఒకరు ముందే ఆ సంఘంతో మాట్లాడి మీకేం కావాలి, ఏం వద్దు అని అడగాలి. ఏం వద్దు అని కూడా అడగండి. మనం అడగకపోతే మర్యాదకి వాళ్ళు చెప్పరు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. పాస్‌పోర్ట్‌కి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి, అది ముందే చూడండి. వీసా ఏ పనికి ఇచ్చారో ఆ పనే చెయ్యాలి, టూరిస్ట్ వీసా మీద వెళ్ళి మీటింగుల్లో ప్రసంగించడం కొన్ని దేశాల్లో చట్టం ఒప్పుకోదు, దాని ఫలితం మనం వచ్చేశాక అక్కడ ఉండే విశ్వాసుల మీద పడుతుంది. ఎల్లో ఫీవర్ టీకా అవసరమైన చోటికైతే టీకా వేయించుకున్న పది రోజులకి గాని సర్టిఫికెట్ చెల్లదు, చివరి వారంలో పరిగెడితే కుదరదు. మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. ఇవన్నీ చూసే ఓపిక గ్రూపులో ఒకళ్ళకి ఉంటుంది, ఆ పని వాళ్ళకి అప్పజెప్పండి. అది కూడా పరిచర్యేనండి.

ఇప్పుడు ప్రార్థన. ఇక్కడ కొంచెం ఆగుతాను. వెళ్ళినవాళ్ళ కోసం ప్రార్థన చేస్తున్నామని అందరం అంటాం, కానీ ఎలా చేస్తున్నాం? ప్రభువా, వెళ్ళిన బిడ్డల్ని కాపాడు, వాడుకో, ఆమెన్. ఇంతే కదా? తప్పని అనను, దేవుడు ఆ ప్రార్థన కూడా వింటాడు. కానీ 1727లో జర్మనీలోని హెర్న్‌హూట్ అనే చోట మొరేవియన్ అనే శాఖ విశ్వాసులు ఏం చేశారో తెలుసా? ఒక పల్లె అంత సహవాసం. 24 మంది సోదరులు, 24 మంది సోదరీలు రోజులోని గంటలు పంచుకున్నారు, ఒక్కొక్కరికి ఒక గంట, ఎవరి గంట వాళ్ళది. ఆ ప్రార్థన గొలుసు వందేళ్ళకి పైగా తెగలేదు. అది మొదలైన ఐదేళ్ళకి, 1732లో, వాళ్ళలోంచి ఇద్దరు కరీబియన్‌లోని సెయింట్ థామస్ ద్వీపానికి బయల్దేరారు, అక్కడ బానిసలుగా ఉన్నవాళ్ళకి సువార్త చెప్పడానికి. ఒకాయన కుమ్మరి పని, ఒకాయన వడ్రంగి పని. ముందు ఎవరు లేచారు చెప్పండి, వెళ్ళేవాళ్ళా, ప్రార్థించేవాళ్ళా?

మనం పన్నెండు మందే ఉన్నాం బ్రదర్ అంటారేమో. పన్నెండు మంది చాలు. వెళ్ళే ఒక్కొక్కరికి ఇద్దరిద్దరు ప్రార్థన భాగస్వాములు. రోజువారీ ప్రోగ్రాం కాగితం మీద రాసి అందరి చేతికీ ఇవ్వండి, మంగళవారం స్కూల్లో పిల్లలతో, బుధవారం ప్రయాణం, గురువారం సిస్టర్‌గారి సాక్ష్యం, ఇలా. అక్కడి టైము ఎంతో కూడా రాయండి, వాళ్ళకి పొద్దున్న పది అయినప్పుడు మనకి ఎంతవుతుందో, ఆ టైముకి ఎవరు మోకాళ్ళ మీద ఉంటారో. అలాగే టీంవాళ్ళ కోసమే కాకుండా అక్కడివాళ్ళ కోసం ప్రార్థించండి. ట్రాన్స్‌లేటర్ కోసం ఎవరైనా ప్రార్థిస్తున్నారా? మనం చెప్పే ప్రతి మాటా ఆయన నోటి గుండా వెళ్ళాలి, రోజంతా మాట్లాడేది ఆయన, మనకంటే రెండింతలు అలిసేది ఆయన. వంట చేసే ఆ ఇంటి తల్లి కోసం? టీంలో మాట పట్టింపులు రాకుండా? నా అనుభవంలో బయట నుంచి వచ్చిన ఇబ్బంది కంటే ఒకే గదిలో నలుగురు నిద్ర చాలక ఉన్నప్పుడు వచ్చే చిరాకే ఎక్కువ ట్రిప్పుల్ని దెబ్బతీసింది. అది పేరు పెట్టి ప్రార్థించండి.

సమాచారం ఎలా రావాలో ముందే అనుకోండి. టీం నుంచి ఒక్కరు, గ్రూపు నుంచి ఒక్కరు, వాళ్ళిద్దరి మధ్యే మెసేజ్‌లు. ఇరవై మంది ఇరవై మెసేజ్‌లు పెట్టి అక్కడ ఎలా ఉంది, ఫోటోలు పెట్టండి అంటే వాళ్ళు పని చెయ్యాలా, మనకి జవాబులివ్వాలా? రెండు రోజులు కబురు రాకపోతే కంగారు పడొద్దు, సిగ్నల్ లేకపోయుంటుంది. విశ్వాసులకి కష్టంగా ఉండే దేశాలైతే ఇంకా జాగ్రత్త. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ ఫోటో, పేరు, ఊరు, ఇవి ఫేస్‌బుక్‌లో పెట్టడం మనకి సంతోషం, వాళ్ళకి ప్రమాదం. దయచేసి పెట్టకండి. పిల్లల ఫోటోలు ఎక్కడైనా సరే, వాళ్ళ పెద్దల అనుమతి లేకుండా పెట్టకండి. మన పిల్లల ఫోటో ముక్కూ మొహం తెలియనివాళ్ళు తీసి ప్రపంచానికి చూపిస్తే మనం ఊరుకుంటామా?

డబ్బు గురించి క్లుప్తంగా. 1792 అక్టోబర్ 2న ఇంగ్లండ్‌లోని కెట్టరింగ్‌లో ఒక విధవరాలి ఇంట్లో కొంతమంది కూర్చుని మిషన్ సొసైటీ మొదలుపెట్టారు, ఆ రోజు రాసుకున్న కానుక మొత్తం 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. మిషనరీ విలియం కేరీ ఇండియాకి వెళ్ళింది వాళ్ళ వెనక బలంతోనే. కేరీ గారిది షార్ట్ టర్మ్ కాదు, మిగిలిన జీవితమంతా అక్కడే గడిపారు, తెలుసు. నేను చెప్పాలనుకున్నది ఆయన గురించి కాదు, ఆండ్రూ ఫుల్లర్ గురించి. ఆయన ఇండియా ఎప్పుడూ చూడలేదు. గనిలోకి దిగేవాణ్ణి తాడు పట్టుకున్నవాళ్ళు వదలకూడదు అనే పోలిక ఆయనదే. 1815లో చనిపోయేదాకా ఆ సొసైటీ సెక్రటరీగా ఉన్నాడు, కానుకల కోసం ఒక్క స్కాట్లాండ్‌కే ఐదుసార్లు తిరిగాడు, ఉత్తరాలు రాశాడు, లెక్కలు చూశాడు. ఇరవై రెండేళ్ళు తాడు పట్టుకున్నాడండి. మన వాళ్ళకి రెండు వారాలు పట్టుకోలేమా? కానుక ఇచ్చేటప్పుడు పెద్ద మొత్తం ఒక్కరి దగ్గర కంటే చిన్న మొత్తాలు అందరి దగ్గరా రావడం మంచిది, ఇచ్చిన చోట మనసుంటుంది, ప్రార్థన ఉంటుంది. డబ్బు చూసేవాళ్ళు ఇద్దరుండాలి, లెక్క రాసి చూపించాలి, మిగిలింది ఏం చేస్తారో ముందే చెప్పాలి. ఇవ్వలేని వాళ్ళ ముఖాన్ని చిన్నబుచ్చకండి, అంతే.

ఇంకో మూట ఇల్లు. భర్త వెళ్తే భార్య ఒక్కతే పిల్లలతో, ఆమె ఉద్యోగంతో. కూతురు వెళ్తే మంచం మీద ఉన్న తండ్రి. మా గ్రూపులో ఒక సిస్టర్ వెళ్ళినప్పుడు ఆమె అత్తగారికి రోజూ మందులివ్వాలి, ముగ్గురం వంతులు వేసుకున్నాం, ఒకరోజు కూడా తప్పలేదు. తర్వాత ఆ సిస్టర్ అన్న మాట, అక్కడ నేను ఒక్కసారి కూడా ఇంటికేసి మనసు పోకుండా పని చేశాను అని. ఆ అత్తగారు అప్పటిదాకా చర్చికి వచ్చే మనిషి కాదు. మేం మందులిచ్చి పది నిమిషాలు కూర్చుని కబుర్లు చెప్పి వచ్చేవాళ్ళం. ట్రిప్ అయిపోయాక కూడా ఆమె మమ్మల్ని రమ్మని కబురు పెట్టింది. ఇది ప్లాన్ చేసింది కాదండి.

ఇప్పుడు తిరిగి రావడం. నాకు ముఖ్యమైంది ఇదే. ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితుని పౌలు దగ్గరకి పంపింది, కానుక పట్టుకెళ్ళాడు, పౌలుకి పరిచర్య చేశాడు. ఆలోచించి చూడండి, ఇది షార్ట్ టర్మ్ ట్రిప్పే కదా? అక్కడ జబ్బు పడ్డాడు, చావుకి దగ్గరయ్యాడు. ఆ కబురు ఫిలిప్పీకి చేరిందని తెలిసి ఇంకా కుమిలిపోయాడు. పౌలు అతన్ని వెనక్కి పంపుతూ ఏం రాశాడు? పూర్ణ సంతోషంతో అతన్ని చేర్చుకోండి, అలాంటివాళ్ళని గౌరవించండి అని రాశాడు. ఎందుకు రాయాల్సొచ్చింది? నాకనిపిస్తుంది, ఏంటి, సేవకని పంపితే జబ్బుపడి వచ్చేశాడా అని ఎవరైనా అంటారేమోనని. ఇది నా ఆలోచన, వాక్యంలో అలా లేదు. కానీ మన మధ్య అలాంటి మాటలు లేవా? అనుకున్నది జరక్క మధ్యలో వచ్చేసినవాళ్ళని మనం ఎలా చేర్చుకుంటున్నాం? మార్కు అనే యోహాను పెర్గే నుంచి వెనక్కి వెళ్ళిపోయాడు, దాని మీద పౌలు, బర్నబా విడిపోయేంత వాదం వచ్చింది. బర్నబా అతన్ని దగ్గరకి తీసుకున్నాడు. చివరికి అదే పౌలు రెండో తిమోతి 4లో మార్కుని వెంటబెట్టుకు రా, అతను నాకు పనికొస్తాడు అని రాశాడు. మధ్యలో ఎవరో ఒక బర్నబా ఉండాలి కదండీ. అది మీ గ్రూపే అవ్వాలి.

మరి తిరిగొచ్చాక ఏం చెయ్యాలి? మొదటి రెండు మూడు రోజులు వదిలెయ్యండి, నిద్రపోనివ్వండి. శిష్యులు పరిచర్యకి వెళ్ళొచ్చి అన్నీ చెప్తే ప్రభువు ఏమన్నాడు, ఏకాంతంగా వచ్చి కొంచెం అలసట తీర్చుకోండి అన్నాడు, మార్కు 6లో ఉంది. మనమేమో దిగిన మర్నాడే ఆదివారం స్టేజి ఎక్కిస్తాం. మలేరియా ఉన్న చోటు నుంచి వస్తే మాత్రలు తిరిగొచ్చాక కూడా వేసుకోవాలి, కొన్ని రకాలైతే నాలుగు వారాలు. వేసుకుంటున్నారా అని అడగండి, తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టర్‌కి ఎక్కడికి వెళ్ళొచ్చారో చెప్పమని గుర్తు చెయ్యండి.

తర్వాత ఒక సాయంత్రం పూర్తిగా వాళ్ళకి ఇవ్వండి. వాక్యం చదివి ప్రార్థన చేసి ఇక వినడమే. అంతియొకయలో అలాగే జరిగింది, పౌలు బర్నబాలు తిరిగొచ్చి సంఘాన్ని సమకూర్చి దేవుడు చేసిందంతా చెప్పారు, ఆ తర్వాత చాలాకాలం వాళ్ళతోనే ఉన్నారు. ఎలా జరిగింది అని అడగొద్దు, దానికి ఒకే జవాబొస్తుంది. ఏ మనిషి ముఖం ఇంకా కళ్ళ ముందుంది అని అడగండి. ఏది అర్థం కాలేదు అని అడగండి. దేవుడి మీద కోపం వచ్చిందా అని అడగండి, భయపడకుండా అడగండి. ఇక్కడికొచ్చాక మన ఇళ్ళూ మన ఖర్చులూ చూసి మనసు కలతపడుతోందా అని అడగండి, కొంతమందికి అది నెలల తరబడి ఉంటుంది, తిండి సయించదు, చర్చిలో అన్నీ తప్పుగా కనిపిస్తాయి. వాదించకండి. నెల తర్వాత మళ్ళీ అడగండి, మూడు నెలల తర్వాత మళ్ళీ. అక్కడి సంఘానికి మన గ్రూపు నుంచి ఉత్తరం రాయండి, వాళ్ళ ప్రార్థన అవసరాలు తెప్పించుకోండి, వాళ్ళు మన కోసం ఏం ప్రార్థించాలో కూడా వాళ్ళకి చెప్పండి. వాళ్ళు మనకి ఋణస్తులు కారు, మన తోబుట్టువులు.

టైమైంది, ఆపేస్తాను. వచ్చే నెల మనవాళ్ళు ఆరుగురు వెళ్తున్నారు, వాళ్ళ పేర్లు ఈ చీటీల్లో ఉన్నాయి, గ్రూపుకి ఒక చీటీ. వెనక వైపు ఖాళీగా వదిలాను, ప్రార్థన చేసే ఇద్దరి పేర్లు, ఇల్లు చూసుకునే ఒకరి పేరు, తిరిగొచ్చాక వినే సాయంత్రం తేదీ, ఈ మూడూ అక్కడ రాయాలి. తేదీ ఈ రోజే రాసెయ్యండి, వాళ్ళు వెళ్ళకముందే. పెన్నులు ఆ చివర ఉన్నాయి. గ్రూపులుగా కూర్చోండి, ఒక పావుగంట తర్వాత ప్రార్థనలోకి వెళ్దాం.